చాపకి తలవైపు లేదు

మాస్టారు పోయారు. బుధవారం తెల్లవారుజామున టాంపినీస్ పేట‌లో, వాళ్లబ్బాయి ఫ్లాట్‌లో, నిద్రలోనే పోయారు. ఆ కబురు విని ఫోన్ పెట్టగానే నాకు ఏడుపు రాలేదు, పాత మంట రేగింది. మూడు ఉగాదులుగా ఆ మంట నా కడుపులోనే ఉంది.

ఆయన మన దేశంలో బడిపిల్లలకు చరిత్ర చెప్పినవారు. సాఫ్ట్‌వేర్ పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో కొడుకు వెంట ఇక్కడికి వచ్చారు. నేను షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి ముసలాణ్ణయినవాణ్ణి. సంతకం మించి రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ రాతలో తప్పులుంటే నావి, ఆయనవి కావు.

మూడేళ్ల కిందటి ఉగాదికి ఇక్కడి మన తెలుగు సంఘంవాళ్లు ఆయన్ని వేదికెక్కించి పాతకాలపు రాజుల గురించి, గుళ్ల గురించి చెప్పమన్నారు. రాజుల గొప్పలు చెప్తారనుకున్నారు. ఆయన పల్నాటి చాపకూడు ఎత్తుకున్నారు. వందల ఏళ్ల కిందట ఒక మంత్రి అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడట, అది చూసి పెద్దలకు ఒళ్లు మండిందట. "శివుడా విష్ణువా అన్నది పైకి చెప్పుకునే తగువు. ఎవడి పక్కన ఎవడు తింటాడన్నదే అసలు తగువు," అన్నారు.

కార్యదర్శి మైకు తీసేసుకుని భోజనాలకు టైమైందన్నాడు. ఆ భోజనాలు ఎలాగంటే, కుటుంబాలకు హాల్లో బల్లలు, కూలీల డార్మిటరీల నుంచి వచ్చిన వర్క్ పర్మిట్ పనివాళ్లకు మెట్ల దగ్గర పొట్లాలు. ఇదేంటయ్యా అని నేను కార్యదర్శిని అడిగితే, "చోటు లేదు అంకుల్, వాళ్లకి ప్యాకెట్లే ఈజీ," అన్నాడు. హాల్లో కుర్చీల మీద హ్యాండ్‌బ్యాగులు కూర్చున్నాయి.

మాస్టారు తిన్నగా వెళ్లి మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పారు. "మీరిక్కడ కూర్చుంటే మాకు ముద్ద దిగదండి మాస్టారూ," అన్నాడు శ్రీకాకుళం తాపీమేస్త్రి ఒకడు.

"నాకూ దిగట్లేదయ్యా. పచ్చట్లో కారం ఎక్కువైంది."

ఆ తర్వాతి ఆదివారమే లిటిల్ ఇండియాలో ప్లాస్టిక్ చాప కొన్నారు. అప్పట్నుంచి ఆదివారాలు బెడోక్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఖాళీ జాగాలో పరిచేవారు. మేమూ డార్మిటరీవాళ్లూ ఎవరి గిన్నె వాళ్లం తెచ్చి మధ్యలో పెట్టేవాళ్లం. పెద్దాయన కదా అని గోడవైపు కూర్చోమంటే, "చాపకి తలవైపు లేదయ్యా, అది మనం పెట్టుకున్నదే," అని అంచుకి జరిగేవారు.

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో మనవాళ్లు టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేయడం, అంటే ముందే ఆపుకోవడం, చూసి ఆయనకు ఒకటే నవ్వు. రాజులు గుడికి ఊళ్లు రాసిచ్చి దేవుడి ముందు చోటు ఇలాగే చోప్ చేసుకున్నారనేవారు. ఆ తర్వాత తనూ ఒక టిష్యూ ప్యాకెట్ తెచ్చి చాప మీద ఒకరు కూర్చునే చోట పెట్టడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చేవాడి చోటు అది. ఇంకెవరూ కూర్చోకూడదు, ఆయనతో సహా.

ఇప్పుడు సంఘంవాళ్లు వచ్చే ఆదివారం ఆయనకు సంతాపసభ పెట్టారు. పెద్ద ఫోటో, పూలదండ, తర్వాత భోజనాలు. నన్ను రెండు మాటలు మాట్లాడమని కార్యదర్శే ఫోన్ చేశాడు. మరి మా డార్మిటరీవాళ్ల సంగతేంటని అడిగాను. "వాళ్లకీ ప్యాకెట్లు చెప్పాం అంకుల్, ఎవర్నీ మర్చిపోలేదు," అన్నాడు. బతికుండగా మైకు లాక్కున్నారు. పోయాక ఆయన పేరు మీదే మెట్ల దగ్గర పొట్లాలా?

చాప నా దగ్గరుంది. పోయే ముందటి ఆదివారం ఆయనే చుట్టి నా చేతికిచ్చారు. నిన్న విప్పితే లోపల టిష్యూ ప్యాకెట్ నలిగి అలాగే ఉంది. ఆ చోటు ఎవరిదో సంఘం పెద్దలే చెప్పాలి. ఆదివారం అందరూ హాల్లో ఒకే వరసలో తింటారా, తినరా? శుక్రవారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.