రెండు చదువులతో నరసప్ప బావి దాకా

ఎంబీబీఎస్ అయ్యాక మళ్లీ పబ్లిక్ హెల్త్ చదవడమెందుకని ఈమధ్య ఒక కుర్ర డాక్టరు నన్నడిగాడు. పందొమ్మిది వందల అరవైల నడుమ మా ఇంట్లోవాళ్లు అడిగిందీ అదే. బోర్డు కట్టుకుని ప్రాక్టీసు పెట్టుకోక, ఈ మురిక్కాలువల చదువేమిట్రా అని మా మామయ్య ఎగతాళి చేసేవాడు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఒక మనిషి మెడ. అనంతపురంలో మొదటి ఉద్యోగం చేస్తున్నప్పుడు ముదిగుబ్బ వైపు పల్లె నుంచి నరసప్ప అనే రైతు వచ్చేవాడు. మెడ తిరగదు. పిలిస్తే మనిషంతా తిరగాల్సిందే. నొప్పికి మాత్రలిచ్చి, కాపడం పెట్టుకోమనేవాణ్ణి. నాలుగు రోజులు హాయిగా ఉందనేవాడు, మళ్లీ వచ్చేవాడు. అదే ఊరి నుంచి బిగుసుకుపోయిన నడుములతో మరికొందరూ వచ్చేవారు. అందరికీ విడివిడిగా చీటీలు రాసేవాణ్ణి. మీరంతా ఏ నీళ్లు తాగుతారన్న ప్రశ్న మాత్రం మద్రాసులో రెండో చదువుకు చేరాకే పుట్టింది. నరసప్పకు కబురుపెట్టి ఒక సీసాడు బావినీళ్లు తెప్పించి పరీక్ష చేయిస్తే, ఫ్లోరైడు మెండుగా ఉందన్నారు. ఎముకలను బిగించేదీ, పిల్లల పళ్లను పాడుచేసేదీ అదే. ఊరిని కళ్లారా చూసి ఆ సంగతి చెప్పి రావాలని ఎండాకాలం సెలవుల్లో బయల్దేరాను.

మద్రాసులో బొంబాయి మెయిలెక్కి గుంతకల్లులో దిగి, మీటరుగేజి బండి మారితే అనంతపురం. అక్కడ పొద్దున్నే కదిరి బస్సు. ముదిగుబ్బకు అప్పట్లో రూపాయిన్నర టికెట్టు, రెండున్నర గంటల ప్రయాణం. బత్తలపల్లి దాటాక కిటికీ పక్క సీటు కోసం పోట్లాడి ప్రయోజనం లేదు, దుమ్మంతా ముందు అక్కడికే వస్తుంది. వరసగా వానలు లేని కాలమది. రోడ్డు పక్కన కరువు పనికొచ్చిన ఆడవాళ్లు కంకర కొడుతున్నారు. చేలల్లో పచ్చగా కనబడింది జిల్లేడు ఒక్కటే. ముదిగుబ్బలో రెండు రూపాయలకు ఎద్దుబండి కుదిరింది. బండి మాబుసాబుది, ఆయనది నేను పోయే ఊరే. బండి తోలడమే కాక నాలుగు గొర్రెలు కూడా మేపుకుంటాడు. వాటి దిగులే దారంతా చెప్పుకొచ్చాడు.

"కదిరి సంతలో మా ఊరి గొర్రంటేనే మొగం తిప్పుకుంటారు సార్. నోరు తెరిచి సూసి, పండ్లరిగిపోయినాయి, ముసిల్ది అంటారు. దుడ్లు సగమే ఇస్తారు. రెండే ఈతలైన గొర్రె సార్ అది."

"ఊర్లో గొర్రెలన్నీ అంతేనా అన్నా?"

"అన్నీ అంతే. ఈ మట్టే అట్లాంటిదంటారు. పక్కూరి గొర్రెలకు మాత్రం ఏమీ ల్యా."

మనుషులూ గొర్రెలూ కలిసి తినేది ఏమీ లేదు. కలిసి తాగేది మాత్రం ఉంది.

ఎండ ముదిరే వేళకు ఊరు చేరాం. మాబుసాబు ముందుగా తన గొర్రెను పట్టుకొచ్చి నోరు తెరిచాడు. ఏళ్ల తరబడి మనుషుల నోళ్లు చూడటం నేర్చుకున్నవాణ్ణి, గొర్రె నోట్లో వేళ్లు పెట్టడం అదే మొదలు. ముందుపళ్లు చిగుళ్ల దాకా అరిగి, గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. ఆ తర్వాత ఊరి పిల్లలను నోరు తెరవమన్నాను. అవే మచ్చలు. వాళ్ల అమ్మానాన్నల పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. బావి ఎప్పటిదని నరసప్పను అడిగితే, ఆయన మనిషంతా నా వైపు తిరిగి గర్వంగా చెప్పాడు.

"ఈ పిల్లోళ్లెవరూ పుట్టకముందు, అప్పటి పెద్ద కరువులో తవ్విస్తి. ఎద్దులమ్మితి, వంక పక్క నేలమ్మితి. రాయి పగలగొట్టి పగలగొట్టి నీళ్లు సూస్తిమి. ఆ పొద్దు నుంచి ఈ ఊర్లో బిందె కోసం కొట్లాట ల్యా. ఇంత కరువులోనూ ఎండల్యా సూడప్పా."

ఆయన కోడలు ఓబులమ్మ రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. చల్లగా, తేటగా ఉన్నాయి. తన రెండేళ్ల కూతురికీ ఆ నీళ్లే పట్టింది. నేనూ తాగాను. ఒక పూట తాగితే ఏమీ కాదు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయేవాడికి ఆ ధైర్యం ఉంటుంది.

భోజనమయ్యాక అరుగు మీద నరసప్పకొక్కడికే విషయం చెప్పాను.

"అంటే నా మెడ పట్టింది ఆ బావేనా?"

"అవును తాతా."

"ఊరోళ్ల నడుములు కూడానా?"

"అవి కూడా."

నరసప్ప చేతులూని నా దగ్గరికి జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "రోగి సంగతి డాకటరు బయటికి చెప్పడంటారు కదప్పా. నేను నీ రోగినే. నేను సచ్చేదాకా ఈ మాట నీ కడుపులోనే పెట్టుకో. ఊరంతా నరసప్ప బావి అంటాండారు. నాకు మిగిలింది ఆ పేరొక్కటే" అన్నాడు.

మొదటి చదువు ప్రకారం రోగి మాట గడప దాటకూడదు. రెండో చదువుకు ఊరే రోగి. పేరు వెనక రెండు డిగ్రీలూ పక్కపక్కన రాసుకోవడం తేలికే. ఆ అరుగు మీద మాత్రం రెండింటిలో ఒకటే చెల్లుతుంది. చివరికి ఓబులమ్మ కూతురిని చూపించాను.

"ఈ పాపకు ఇవి పాలపళ్లు తాతా. అసలు పళ్లు లోపల ఇప్పుడే తయారవుతున్నాయి. నువ్వు పోయేదాకా ఆగితే ఈమెకు ఆలస్యమైపోతుంది."

"నీ ఇష్టమప్పా. నేను అడ్డం రాను" అని, మనిషంతా గోడ వైపు తిరిగాడు.

ఎండ తగ్గి ఆడవాళ్లు నీళ్లకు వచ్చే వేళకు బావి దగ్గర చెప్పాను. స్నానాలకు, గుడ్డలకు పరవాలేదు, తాగడానికి, వంటకు వద్దు, వంకలో ఇసుక తవ్వితే ఊరే చెలమ నీళ్లు మేలు, ముందు పిల్లలకు పట్టండి అన్నాను. అందరూ ఓపికగా విన్నారు. "నరసప్ప ఎంత పని చేసినాడే" అని ఒకామె పక్కామెతో అంది. ఇంకొకామె చేదకు తాడు కడుతూ నన్నే అడిగింది.

"చెలమలో ఒక బిందె ఊరేలోపల పొద్దు గుంకుతాది సార్. ఎముకలు పట్టేది ఎప్పుడో. దప్పిక ఇప్పుడే కదా?"

చేద బావిలోకి దిగింది. గిలక చప్పుడు వింటూ నిలబడ్డాను.

అప్పుడే నరసప్ప చిన్న ముంత పట్టుకుని వచ్చాడు. బావి దగ్గర ఆగకుండా వంక వైపు నడిచాడు. వెనకే వెళ్లాను. చెలమలో ఇసుక తడిగా ఉంది, అడుగున గుక్కెడు నీళ్లు. ఆయన వంగలేడు. కొబ్బరిచిప్పతో నేను తోడిపోశాను, మళ్లీ ఊరేదాకా ఇద్దరం కూర్చున్నాం. ముంత నిండేసరికి వెలుగు తగ్గిపోయింది. "పాపకు సాలు" అని లేచాడు. మాబుసాబు బండిలో వచ్చి ఆఖరి బస్సు అందుకున్నాను.

మంచి నీళ్ల కోసం ఆ తర్వాత నేను రాయని అర్జీ లేదు. గొట్టం నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా చదువయ్యాక నాకు కదిరిలోనే ఉద్యోగమైంది, మాబుసాబు సంతకు వచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేవాడు. పోయేదాకా ముసలాయన రోజూ ఆ ముంతతో వంకకు నడిచాడట. ఊరు ఆ బావి నీళ్లు తాగడం మానలేదు, దాన్ని నరసప్ప బావి అనడం మాత్రం మానేసింది. చెప్పాల్సిందే చెప్పాను, ఇప్పుడైనా అదే చెబుతాను, కానీ గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. రెండు చదువులూ చదివి ఇలాంటి ఊరికి బయల్దేరేవారికి ఒకటే సలహా. పొద్దున్నే చేరుకోండి. చెడ్డ నీళ్ల బావి దగ్గరికి పోకముందే మంచి నీళ్ల చెలమ దగ్గరికి పోయి, ఒక బిందె నిండేదాకా అక్కడ కూర్చోండి. మాట్లాడేది ఆ తర్వాత.