స్టేట్ సరేనన్న ఫొటో

మేం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవై ఊళ్లో ఉన్న రోజులవి. గ్రీన్ కార్డ్ ఏ రోజైనా రావచ్చని లాయర్ చెప్పాడు. పోస్ట్ బండి చప్పుడైతే చాలు, మంచులో చెప్పులతోనే పరిగెత్తేదాన్ని. సరిగ్గా అప్పుడే మా ఆయన తుపాకీ పట్టుకున్నాడు.

ఆయన ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడికి ఊరి బయట ఫార్మ్ ఉంది. ఒక శనివారం టీమ్ మొత్తాన్నీ పిలిచి, ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి అందరిచేతా కాల్పించాడు. మా ఆయన రైఫిల్ భుజానికి ఆనించి పళ్లికిలిస్తున్న ఫొటో సాయంత్రానికల్లా నెట్‌లోకి ఎక్కింది. ఇంట్లో సాలీడు కనిపిస్తే చీపురు నా చేతికిచ్చి సోఫా ఎక్కే మనిషి! నవ్వు ఆపుకోలేక, ఆదివారం భోజనానికొచ్చిన డాక్టర్ అంకుల్‌కి చూపించాను. మేం పుట్టకముందే ఈ దేశం వచ్చిన పెద్దాయన. ఆయన నవ్వలేదు.

"వర్క్ వీసా మీదున్నవాళ్లు గన్ ముట్టుకోకూడదమ్మా, హంటింగ్ లైసెన్స్ ఉంటే తప్ప. అది ఫెడరల్ లా, దేశం మొత్తానికీ వర్తిస్తుంది."

"ఇక్కడ అందరూ కాలుస్తారుగా అంకుల్?"

"స్టేట్ ఏమనదు. కానీ గ్రీన్ కార్డ్ ఇచ్చేది స్టేట్ కాదుగా!"

కోడిని కూడా ముక్కలు కొట్టించి తెచ్చుకునే మనిషికి వేట లైసెన్స్ ఎక్కడిది? ఒకే ఇంటికి ఇద్దరు యజమానులేమిటి, ఒకడు రమ్మంటే ఇంకొకడు పొమ్మనడమేమిటి? ఆ చట్టం రాసినవాళ్లని నోరారా తిట్టాను.

ఫొటో తీసేయమని అడిగితే ఆ మిత్రుడు నమ్మలేదు. మిషిగన్‌లో దీనికెవరు పట్టుకుంటారని నవ్వుతూనే తీసేశాడు. అప్పటికే ఎవరెవరు చూశారో! ఇక గన్ ముట్టుకోవద్దని, కార్డ్ కోసం ఎదురుచూడమని చెప్పి లాయర్ ఫోన్ పెట్టేశాడు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మా పాపని స్కూల్ మాన్పించి, ఇండియా వెళ్లిపోవడానికి సామాను సర్దుకుంటున్నట్టే అనిపించేది. కార్‌లో, వంటింట్లో, ఎక్కడ దొరికితే అక్కడ ఆయన్ని దులిపేశాను.

చివరికి కార్డ్ వచ్చింది. కవర్ చింపి ఏడ్చేశాను. ఆ వారమంతా ఇంట్లో పండగే.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ ఆయన హుషారుగా అన్నాడు, "ఇప్పుడు మనం కూడా గన్ కొనుక్కోవచ్చట. కనుక్కున్నా. స్టేట్‌కీ ప్రాబ్లం లేదు, ఫెడరల్‌కీ లేదు."

ముద్ద కంచంలోనే వదిలేసి పాప వంక చూశాను. పాప ఆయన ఒళ్లోకెక్కి జేబులో పెన్ను లాగుతోంది. ఈ ఇంట్లో ఆ పిల్ల చెయ్యి పెట్టని సొరుగు లేదు. ఇన్నాళ్లూ నేను తిట్టిపోసిన చట్టమే నా తరఫున తుపాకీని గుమ్మం బయట ఆపిందని అప్పుడు తెలిసింది.

"నేను ఒప్పుకోనండీ" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశాడు. "నువ్వు ఒప్పుకోవడమేంటి? లా ఒప్పుకుంటుంటే!"