బోర్డు మీద నేను రాసిన పేరు

ఆ ఆదివారం నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. మా అమ్మకు ఆ పాఠం నేర్పింది నేనే అని. చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల, ఇబ్రహీంపట్నం మార్కెట్లో ఒకే గద్దె మీద కూర్చుని చేపలమ్మే ఇద్దరు అక్కాచెల్లెళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మాట ఆగిపోయింది. మా కేంద్రం సంగతి తెలిసినవాళ్ళు ఈనాటికీ ఆ అక్కను పాఠం బయటపెట్టిన మనిషి అనే అనుకుంటారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని సుద్దముక్కతో బోర్డు మీదికి ఎక్కించింది నేను.

సాగర్ రోడ్డుకు రెండు పక్కలా పొలాలు ఇళ్ళ ప్లాట్ల వెంచర్లవుతున్న రోజులవి. జొన్నచేలల్లో తెల్లారేసరికి రంగు వేసిన హద్దురాళ్ళు మొలిచేవి. శేరిగూడ దిక్కు ఇంజినీరింగ్ కాలేజీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను ల్యాబ్ అటెండర్‌ని. ఊళ్ళో ప్రతివాడి చేతిలో బ్రోచరు, ప్రతి సాయంత్రం ఎవరో ఒకరి మందు దావత్. మా చిన్నాయన కొడుకు భూమి అమ్మి కారు కొన్నాడు, రెండేళ్ళు తిరక్కుండానే తాగుడుతో పోయాడు. నేనూ ఆ దావతుల్లో బాగానే కూర్చునేవాణ్ణి. మా కాలేజీ లెక్చరర్ ఒకాయన, నాకు ఆ ఉద్యోగం ఇప్పించినాయనే, ఒక ఆదివారం బలవంతంగా నన్ను కేంద్రానికి తీసుకుపోయాడు.

అదొక పెద్ద రేకుల షెడ్డు, ఓ వెంచరు చివర. నడిపే మనిషిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఊపిరి మీద, కూర్చునే తీరు మీద ఆయన పాఠాలు చెప్పేవాడు. వాటిని మెట్లు అనేవాడు. మొత్తం ఏడు మెట్లు. పొద్దున ఐదున్నరకు తలుపు మూసేవారు. ఐదూ ముప్పై ఒకటికి వచ్చినవాడు కాలేజీ ప్రిన్సిపాలైనా, హమాలీ అయినా వెనక్కి పోవాల్సిందే. చెప్పులు ఒకే వరుసలో ఉండాలి. కులం అడగరు. అందరూ ఒకే గిన్నెలోని అటుకులు తినాలి. మొదటి మెట్టు పూర్తయ్యేసరికి నేను తాగుడు మానేశాను. ఇప్పటికీ ముట్టలేదు. ఆ షెడ్డు నాకు చేసిన మేలు తీసిపారేసి రాస్తే ఇదీ ఇంకో అబద్ధమే అవుతుంది.

అక్కడ మూడు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, ఎక్కిన మెట్టు పాఠం ఆ మెట్టు ఎక్కనివాళ్ళకు చెప్పకూడదు, సొంత మనుషులకైనా సరే. రెండు, తోటివాళ్ళ తప్పు కళ్ళతో చూస్తే దాచకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. మూడోది దూరం. తప్పు ఒప్పుకోనివాళ్ళ పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది. పెద్దసారు తన చేత్తో చెరిపేదాకా ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, మొహం చూడకూడదు, ఆ ఇంట్లో మంచినీళ్ళైనా తాగకూడదు. భార్యాభర్తలకైనా ఇదే లెక్క. నా చేతిరాత బాగుంటుందని చీటీలు చదివే పనీ, బోర్డు రాసే పనీ పెద్దసారు నాకు ఇచ్చాడు. ఆ పని ఇచ్చిన రోజు నా భార్య ఇంట్లో పాయసం చేసింది. ఆమె నాకంటే గట్టి సభ్యురాలు.

ఇక అక్క. చెరువు మీద బతికే కుటుంబంలో పుట్టింది, చిన్న వయసులోనే భర్త పోయాడు. బస్టాండుకు దగ్గర్లోని మార్కెట్లో సిమెంటు గద్దె మీద చెల్లెలితో కలిసి చేపలు అమ్మేది. ఇద్దరికీ కత్తిపీటలు వేరు, తూచే తరాజు మాత్రం ఒకటే. పొద్దున ఐదుకే తలస్నానం చేసి, నిన్నటి చేపల వాసన ఏమాత్రం లేకుండా కేంద్రానికి వచ్చేది. చదువు ఐదో తరగతి. అయినా మా అందరికంటే ముందు మూడో మెట్టు ఎక్కింది. చెల్లెల్ని కేంద్రంలో చేర్పించిందీ తనే.

మూడో మెట్టు పాఠంలో ఎడమ అరచెయ్యి పొట్టమీద ఆనించి, కుడిచెయ్యి భుజం ఎత్తున బయటికి తిప్పి పట్టి, పెదాలతో లెక్కపెడుతూ ఊపిరి వదలాలి. దూరం నుంచి చూసినా ఇట్టే గుర్తుపట్టవచ్చు. మా అమ్మకు ఆయాసం. దవాఖాన మందులు వాడినా కాస్త నడిస్తే గుండెలు పట్టుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఆమె అవస్థ చూడలేక ఆ పాఠం నేర్పాను. ఎవరికీ చెప్పవద్దని, ఎవరి ముందూ చేయవద్దని మరీ మరీ చెప్పాను. వారం తిరిగేసరికి ఆమెకు గుణం కనిపించింది.

అమ్మ మా పల్లె నుంచి అంగడి రోజున బస్సులో వచ్చేది. కాయగూరలు కొనుక్కుని, బస్సు వచ్చేదాకా అక్క గద్దె పక్కన కూర్చునేది. ఆమె నా తల్లి అని అక్కకు తెలుసు, వాళ్ళిద్దరికీ ముచ్చట్లు బాగా కలిసేవి. చెల్లెలు ఆ వేళకు చేపలు తేవడానికి చెరువుకు పోయేది, అమ్మను ఎన్నడూ చూడలేదు. ఒకరోజు సంచి మోసుకొచ్చి ఆయాసం ఎక్కువై, అక్కడే పొట్టమీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టిందట. అక్క చూసి అదిరిపడింది. వెంటనే ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "పెద్దమ్మా, గిది మార్కెట్ల చేసేది కాదు. ఇంటికాడ తలుపేసుకొని చేసుకో" అని చెవిలో చెప్పిందట. నీకెవరు నేర్పారని అడిగితే, నా కొడుకు అని అమ్మ గర్వంగా చెప్పింది. ఇదంతా ఆ సాయంత్రం నేను పల్లెకు పోయినప్పుడు అమ్మే నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

సరిగ్గా అక్క ఆ చెయ్యి పట్టుకున్నప్పుడే, బస్సు డిపోలో పనిచేసే మా సభ్యుడొకాయన మార్కెట్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. మా అమ్మ ఎవరో ఆయనకు తెలియదు. అక్క తెలుసు. పాఠం దాచడానికి పట్టుకున్న చెయ్యి ఆయన కంటికి పాఠం నేర్పుతున్న చెయ్యిలా కనిపించింది. ఆదివారం డబ్బా తెరిచి, ఆయన రాసిన చీటీ నేనే చదివాను. చేపలమ్మే ఫలానా ఆమె ఒక ముసలామెకు చెయ్యి పట్టి మూడో మెట్టు నేర్పుతుండగా కళ్ళారా చూశాను, అని ఉంది. చదువుతున్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉందని తర్వాత నా భార్య అన్నది. బాగా చదివావని మెచ్చుకుంది కూడా.

పెద్దసారు అక్కను నిలబెట్టి అడిగాడు. ఆయన కోపిష్టి కాదు. నెమ్మదిగానే అడిగాడు. తాను నేర్పలేదని అక్క చెప్పింది. మరి ఎవరు నేర్పారో తెలుసా అన్నాడు.

"చూసింది రాయమన్నరు సార్. నేర్పేటప్పుడు నేను చూడలే. చెవుల వడ్డది రాయమని మీరు ఎన్నడు చెప్పలే గద."

"అంటే విన్నవన్న మాట. ఎవరి పేరు విన్నవ్?"

నేను చీటీల డబ్బా ముందు, అక్కకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నా వైపు ఒక్కసారి చూసినా అందరికీ తెలిసిపోయేది. ఆమె చూడలేదు. షెడ్డు గోడ మీద గడియారం వైపు చూస్తూ నిలబడింది. అబద్ధమాడి తప్పించుకోవచ్చు, పేరు చెప్పి తప్పించుకోవచ్చు, ఆ రెండూ చేయలేదు. కట్టుబాటు రాసిన మనిషి ముందు నిలబడి, ఆ కట్టుబాటును ఆయనకంటే పక్కాగా పాటించింది. అంత నిబ్బరం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

పెద్దసారు వారం గడువిచ్చాడు. ఆ వారమంతా ఆమె చీటీ మీద నా పేరు రాస్తుందని ఎదురుచూశాను. నాకు నాలుగో మెట్టు వచ్చే నెలలో ఉంది. నాకు ఉద్యోగం ఇప్పించిన లెక్చరర్ ముందు వరుసలో కూర్చుంటాడు. అన్నిటికంటే, నా పేరు ఎక్కితే నా భార్య నాతో మాట్లాడడం మానేస్తుంది. ఆమె మానేస్తుందని నాకు అనుమానం కూడా లేదు. అక్క రాయలేదు. రెండో ఆదివారం పెద్దసారు సైగ చేస్తే లేచి, సుద్దముక్క తీసుకుని, ఆమె పేరు గుండ్రంగా రాశాను. ఆమె గిన్నె కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి పోయింది. చెల్లెలు తల వంచుకుని మా మధ్యే కూర్చుని ఉంది.

మర్నాటి నుంచి మార్కెట్లో చెల్లెలు గద్దె మీద అటు తిరిగి కూర్చుంది. వీపు ఆనేంత దగ్గర, మాట మాత్రం లేదు. తరాజు ఒక్కటే అటూ ఇటూ తిరిగేది. చెల్లెలు తూచి మధ్యలో పెట్టేది, అక్క తీసుకుని తూచి, చేతిగుడ్డతో తుడిచి మళ్ళీ మధ్యలో పెట్టేది. కొనేవాళ్ళు రెండు రోజులు నవ్వుకున్నారు. పక్క గద్దె కొర్రమీనుల ఆయన మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏమక్కా, మీ సారు చేపలకు గూడ ఊపిరి నేర్పుతడా? నావి జల్ది సస్తున్నయ్, జర తోల్కపోతవా?"

"చేపలకు వచ్చింది మాకు రాకనే ఆడికి పోయినమన్నా. నీకైతె గదీ రాదు" అనేది అక్క, కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా.

ఆమె నోటి నుంచి కేంద్రం గురించి ఎవరైనా రాబట్టగలిగింది అంతే. కేంద్రంతో చెడి బయటికి పోయిన ఒకతను, లోపల ఏం జరుగుతుందో పేపరుకు చెప్పమని ఆమె చుట్టూ తిరిగాడు. నిన్ను ఇంత అవమానించారు గదా అన్నాడట. చేప కావాలంటే తీసుకో, లేకుంటే జర పక్కకు జరుగు, బేరం ఆగుతున్నది అన్నదట. పాఠం బయటపెట్టిందని మేం వెలివేసిన మనిషి, ఆ పాఠంలో ఒక్క అక్షరం బయటపెట్టలేదు. లోపల ఉన్న మేమే టీ కొట్ల దగ్గర గుసగుసలాడుకునేవాళ్ళం.

ఊరంతా చికున్‌గన్యా జ్వరాలు వచ్చిన కాలంలో చెల్లెలు కీళ్ళు పట్టేసి మంచం ఎక్కింది. ఆ రోజుల్లో అక్క రెండు గంపలూ అమ్మింది. చెల్లెలి గిరాకీ వేరేచోటికి పోకుండా, ఎవరికి ఏ ముక్క ఇష్టమో గుర్తుపెట్టుకుని కోసిచ్చింది. సాయంత్రం చెల్లెలి గంప కడిగి, ఆమె ఇంటి గడప ముందు బోర్లించి, పిలవకుండా వెళ్ళిపోయేది. చెల్లెలు కోలుకుని వచ్చి మళ్ళీ అటే తిరిగి కూర్చుంది. కానీ ఆ తర్వాత తరాజు తుడిచి పెట్టడం ఆమె కూడా మొదలుపెట్టింది. నా భార్య చెల్లెలి దగ్గరే చేపలు కొనేది కాబట్టి ఇవన్నీ నాకు తెలిసేవి.

నేను మాత్రం ఆ గద్దె వైపు పోయేవాణ్ణి కాదు. ఐదో మెట్టు కూడా ఎక్కాను. అమ్మ నేను నేర్పిన పాఠంతోనే ఆరేళ్ళు హాయిగా ఊపిరి తీసుకుంది, తర్వాత పోయింది. ఆ రోజు మా పల్లెకు అక్క వచ్చింది. కేంద్రం వాళ్ళు ఆమెను చూసి పక్కకు జరిగారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ఎడమ చెయ్యి పొట్టమీద సరిగ్గా ఉండేట్టు సర్ది లేచింది. నా ముందు నుంచే పోయింది. నేను మొహం తిప్పుకున్నాను. నా కోసం తన చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి, మా అమ్మ శవం దగ్గర. నేను కట్టుబాటు పాటించాను.

ఆ తర్వాత రెండేళ్ళకు పెద్దసారుకు పక్షవాతం వచ్చి, కూతురు దగ్గరికి ఏదో ఊరు వెళ్ళిపోయాడు. ఆయన మాట పడిపోయిందని విన్నాం. షెడ్డు ఉన్న జాగా చేతులు మారింది. ఒకరొకరుగా అందరం విడిపోయాం. బోర్డు ఏమైందో తెలియదు. నా భార్య ఒకరోజు మార్కెట్ నుంచి వచ్చి, ఇంకా ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని చెప్పింది. ఎందుకని అడిగిందట. "సారు చెరపలే గద వదినే. ఇగ ఎవరు చెరుపుతరు?" అన్నదట చెల్లెలు. అప్పుడు నా భార్యకు ఉన్నదంతా చెప్పాను. నాకు చెప్పడం కాదు, పోయి వాళ్ళకు చెప్పు, అన్నది.

మర్నాడు పొద్దున పోయాను. కేంద్రంలో తప్పు ఒప్పుకునే పద్ధతిలోనే, మంచి కాగితం మీద మంచి చేతిరాతతో అంతా రాసుకుని జేబులో పెట్టుకున్నాను. అక్క జుట్టు నెరిసింది. బొచ్చెచేప పొలుసు తీస్తోంది. నేను కాగితం చాపితే చేతులు తడిగా ఉన్నాయన్నట్టు చూపించింది.

"గా కాయితం నాకెందుకు తమ్మీ? నాకు ఎర్కలేనిది గందుల ఏమున్నది?" అని, వెనక చెల్లెలి వీపు వైపు తలతో సైగ చేసింది. "ఎర్క కావాల్సింది గామెకు. నోటితోని చెప్పు."

గద్దె చుట్టూ తిరిగి చెల్లెలి ముందు నిలబడ్డాను. ఆమె ఎవరికో తూస్తోంది. తరాజు చేతిలో అట్లాగే ఆగింది. కొర్రమీనుల ఆయన కూడా చెయ్యి ఆపి చూస్తున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

"చెల్లే, ఆ ముసలామె మా అమ్మ. ఆమెకు పాఠం నేర్పింది మీ అక్క కాదు, నేను. మీ అక్కకు ఎర్కయి గూడ నా పేరు చెప్పలే. నేను ఆడనే కూసొని గూడ చెప్పలే. బోర్డు మీద ఆమె పేరు రాసింది నేనే, అందుకే చెరపనీకె వచ్చిన. ఇన్నేండ్లు మీ ఇద్దరిని విడదీసిన తప్పు నాది. నీకు, మీ అక్కకు, ఇద్దరికి చేతులు జోడిస్తున్న. మాఫ్ చెయ్యుండ్రి."