మెడలో టేపున్న అమ్మ

మా పైవాటాలో ఉండే అనిత పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తుంది. తనకోసం గీసుకునేవి వేరు. అమీర్‌పేట మెట్రో మెట్ల కింద మక్కకంకులు కాల్చే ఆమె, హాస్టల్ బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, ఎక్కువగా మాత్రం కుట్టుమిషన్ ముందు వాళ్లమ్మ.

ఆ అమ్మ పేరు విజయరాణి. సిరిసిల్ల నుంచి వచ్చి, మా సందులోనే ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టింది. మెడలో టేపు, పళ్ల మధ్య దారం. ఆ దారం తీయకుండానే అందరినీ తిట్టేది. "దారం తియ్యవే, మింగుతవ్" అని భర్త శివరాములు రోజూ అరిచేవాడు. ఆమె వింటేగా!

పోయిన నెల ఆమె చనిపోయింది. పదకొండో రోజు దండ వేయడానికి పటం కావాలి. అనిత తిండి కూడా మానేసి గీసింది. టేపు, దారం, చెంప మీద పుట్టుమచ్చ, ఏదీ వదల్లేదు. హాల్లో గోడ మీద ఆ మొహమే ఉండాలని ఆమె పట్టు.

అన్న కమలాకర్ చూసి మొహం చిట్లించాడు.

"గిదేందే? మెడల టేపు, నోట్ల దారం! మా ఆఫీసోళ్లు సుత వస్తరు. ఏమనుకుంటరు?"

పంజాగుట్టలో ఏదో స్టూడియోకు పోయి వేరే పటం చేయించుకొచ్చాడు. ఛీ! ఆధార్ కార్డు ఫొటోలోంచి తల కత్తిరించి ఎవరిదో ఒంటికి అతికించారు. పట్టుచీర, కాసులపేరు. విజయరాణి కాసులపేరును కొలతలకొచ్చిన పెళ్లికూతుళ్ల మెడలోనే చూసింది. చామనఛాయ మొహానికి మైదాపిండి రంగు పూశారు. పుట్టుమచ్చను మరకనుకుని తుడిచేశారు. వెనకాల మబ్బులొకటి! చుట్టాలేమో "మస్తున్నది, లక్ష్మీదేవి లెక్క" అంటూ ఫోన్లు తీశారు. తల్లి పడ్డ చెమటకు కొడుకు అంత సిగ్గుపడతాడా అని నాకు అసహ్యమేసింది. అనిత తన బొమ్మను లోపల మిషన్ మీద పెట్టి, బాత్‌రూంలోకి పోయి కక్కుకుంది.

దండ చేతికిచ్చి శివరాములును లేపారు. ఆయన కళ్లజోడు సర్దుకుని పటం ముందు నిలబడ్డాడు.

"గీమె ఎవర్రా?"

"అమ్మనే బాపు. జల్ది ఎయ్యి, అందరు చూస్తున్నరు" అన్నాడు కమలాకర్.

"కాదు."

దండ పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. మేమూ వెనకే వెళ్లాం. మిషన్ మీది బొమ్మ దగ్గర ఆగి, దాని మెడలో దండ వేశాడు. తర్వాత వేలితో ఆ నోటిని తాకాడు.

"దారం తియ్యవే" అన్నాడు. "మింగుతవ్."