మా అన్న కట్టిన రెండంతస్తుల విమానం

మొన్న పక్కింటి కోడలి చీరకు ఫాల్ కుట్టి, మడత నిలవాలని ఇస్త్రీ పెట్టె ఆనించానో లేదో, చెంగు చివర గుడ్డ గబుక్కున ముడుచుకుని బిగుసుకుపోయింది. వేడి కాస్త ఎక్కువైంది. ఆ పిల్ల మంచిది, నవ్వి ఊరుకుంది గాని, నేను మాత్రం ఆ పెట్టె పక్కన పెట్టి ఆ ముడతను వేళ్ళతో తడిమి చూశాను. భుజం లేవక గిరాకీలకు కుట్టడం మానేసి రెండేళ్ళయింది, కళ్ళు కూడా అంతంతే. అయినా వేడికి గుడ్డ బిగుసుకునే ఆ చిన్న కదలిక చేతికి గుర్తుంది. పదిహేనేళ్ళ కిందట ఒక ఏడాది పొడుగునా నా ఆదివారాలన్నీ మింగిన పనిలో అట్లాంటి గుడ్డనే బిగించాను. అది చీర కాదు, విమానం రెక్క.

మా అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాది న్యాల్‌కల్ వైపు వానను నమ్ముకుని బతికే పల్లె. ఫ్యాక్టరీలు వచ్చాక అన్న జహీరాబాద్ చేరాడు, పెళ్ళయి నేనూ ఇదే ఊరికి వచ్చాను. మా ఆయన బస్సు కండక్టరు, ఇంట్లో ఉన్న రోజుల కన్నా లేని రోజులే ఎక్కువ కాబట్టి మంచికీ చెడుకీ నాకు అన్నే దిక్కు. అన్నది ఎడమచేతి వాటం. ఆ చేత్తో ఆకురాయి పట్టి ఇనుమును సాపు చేస్తుంటే వెన్న రాసినట్టుండేదని అతనితో పనిచేసినవాళ్ళు చెప్పుకునేవారు. ఒకరోజు రేకులు వంచే యంత్రం దగ్గర సరిగ్గా ఆ చేయే పోయింది, మణికట్టుకు పైదాకా. దవాఖాన నుంచి వచ్చాక గేటు దగ్గర వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసే పని ఇచ్చారు. నలభై దాటిన మనిషి, కుడిచేత్తో అంకెలు దిద్దుకుంటూ నేర్చుకున్నాడు. పని నుంచి రాగానే మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో మాట వినబడి ఎన్నాళ్ళయిందో అని వదిన నా దగ్గర కూర్చుని అనేది.

అన్న పనిచేసే చోటనే గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ఉండేవాడు. ఆయనకు రిమోటుతో ఎగిరే విమానాలంటే పిచ్చి. చేయి బాగున్న రోజుల్లో అన్న సెలవునాడు ఆయనకు సాయం వెళ్ళి, చిన్న చిన్న విమానాలు ఎగరేయడం కూడా నేర్చుకున్నాడు. ఆ ఇంజనీరు ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న పెద్ద పెట్టె ఒకటి ఉండేది. అందులో ఒక విమానమంతా చెక్క ముక్కలుగా ఉంది. పైన ఒక జత, కింద ఒక జత రెక్కలుండే పాతకాలపు రకం. పై రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు నేను రెండు చేతులు చాపినా ఇంకా మూరెడు మిగిలేంత పొడవు. ఆయనకు పూనాకు బదిలీ అయితే, వెళ్ళే ముందురోజు ఆ పెట్టె ఆటోలో తెచ్చి వదిన ముందు పెట్టాడు.

“నా వల్ల కాదమ్మా ఇది. కట్టగలిగితే మీ ఆయనే కట్టాలి” అన్నాడట. అన్న మెలకువగానే ఉన్నాడు గాని లేచి రాలేదు.

పెట్టె మంచం కిందికి పోయింది. వదిన దాని మీద ఆలుగడ్డల సంచి పెట్టుకుంది. కొన్ని నెలలు పోయాక ఒక ఆదివారం నేను వెళ్తే, “నువ్వన్న తీస్కపో పిల్లా, ఆయన దాని మొకం గూడ చూస్తలేడు” అంది. తీసుకెళ్ళి నేనేం చేసుకోను? చూద్దామని అక్కడే నేల మీద విప్పాను. లోపల ఒక మూల పెట్రోలు ఇంజను, రిమోటు, మిగతాదంతా పలచని చెక్కలు, ఒక్కోదాని మీద గీతలు, అంకెలు. కత్తిరించి పెట్టిన జాకెట్టు ముక్కల్లాగే అనిపించాయి నాకు. రెక్కకు నిలువునా రెండు వాసాలు, వాటికి అడ్డంగా పక్కటెముకల్లాంటి సన్నని చెక్కలు. అవి ఎట్లా కూర్చోవాలో కాగితం చూసి పెడుతున్నాను.

“గది ఎడమ రెక్కది. తిప్పు.”

మంచం మీది నుంచి వచ్చిన మాట అది. వదిన వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. నేను తలెత్తకుండా తిప్పి పెట్టాను. తర్వాతి ముక్క తెలిసీ తప్పు పెట్టాను. అతను విసుక్కుంటూ లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

అట్లా మొదలైంది. వారమంతా గిరాకీ బట్టలు కుట్టి నడుము పట్టేసి ఉన్నా ఆదివారం అన్నం తినగానే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అతను చెప్పేవాడు, నేను పట్టుకునేదాన్ని. బంక ఆరేదాకా కదలకుండా పట్టుకోవడమే సగం పని. మెడ వంగిపోయేది, కాళ్ళు తిమ్మిరెక్కేవి. రెండు జతల రెక్కలంటే పని కూడా రెండింతలే కదా. వానాకాలం పోయి చలి వచ్చేసరికి చెక్కపని ముగిసింది. ఇక పైన గుడ్డ తొడగాలి. వేడి తగలగానే బిగుసుకునే పలచని గుడ్డ అది, ఇస్త్రీ పెట్టెతో అంచులు అంటించి, తర్వాత మధ్యలో నెమ్మదిగా బిగించాలి. గుడ్డపని నాదే అనుకుని ధీమాగా దిగాను. పై రెక్క మీద ఒకవైపు వేడి ఎక్కువ పెట్టాను. గుడ్డ లాగి రెక్కంతా మెలిపడింది.

అన్న ఆ రెక్కను కంటికి ఎదురుగా పట్టి ఆ వంకర చూశాడు. “చెయ్యి నాకు లేదు. నీకు ఉండి ఏం ఫాయిద?” అన్నాడు.

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. దారంతా ఏడుస్తూ నడిచానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నాలుగు ఆదివారాలు వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ మంచి నిద్రపోయి ఉండవలసింది, ఒంట్లో అలసట అంత ఉంది, కాని నిద్ర పట్టలేదు. అయిదో ఆదివారం అన్నే మా ఇంటికి వచ్చాడు. చేయి పోయాక ఫ్యాక్టరీకి తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి, ఆ రెక్కను చంకలో ఇరికించుకుని, బజారులో అందరూ చూస్తుండగా నడిచి వచ్చాడు. క్షమించమని ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, నా మిషను పక్కన కూర్చుని అన్నాడు: “నేన్ చెప్తే నువ్ చేసుడు, గిట్ల కాదు. ఇది ఎగిరినా నీదే అయితది. నా ఒక్క చెయ్యికే వచ్చేటట్టు మార్చాలె.”

నాకు మళ్ళీ కోపం రావలసింది. రాలేదు. అతను మాట్లాడుతున్నంతసేపూ నా బల్ల మీది జాకెట్టు హుక్కుల డబ్బీ వైపే చూస్తున్నాడు.

ఈ విమానాన్ని మైదానానికి విడిభాగాలుగా తీసుకెళ్ళి అక్కడ బిగించాలి. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య గుంజలు, అవి కదలకుండా ఏటవాలుగా తీగలు. ప్రతి తీగకూ చిన్న బోల్టు, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తిప్పాలి. అన్న ఆ బోల్టులన్నీ తీసేశాడు. ఒక్క చేత్తో నొక్కితే చాలు, టక్కుమని పడే స్ప్రింగు హుక్కులు తనే వంచి చేశాడు. ఆకురాయి కుడిచేత్తో పట్టాడు. మొదటి పది హుక్కులు పారేశాడు. విమానం ఒళ్ళు కదలకుండా నిలబడడానికి ఒక చెక్క గుర్రం చేశాడు. పెట్రోలు ఇంజనును ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తిప్పాలి కనుక దాన్ని తీసేసి, బ్యాటరీతో తిరిగే మోటారు పెట్టాడు. బరువైన ఇంజను పోయేసరికి ముందుభాగం తేలికై, రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే తోక నేలకు వాలేది. బ్యాటరీని ముక్కులోకి జరిపి, జరిపి, అక్కడ కొత్త అర కట్టి, దాని మూతకు నా దగ్గరి ఎలాస్టిక్ పట్టీ వేస్తేగాని సమం కాలేదు.

అన్నిటికన్నా కష్టమైంది రిమోటు. దానికి రెండు పుల్లలు, రెండు చేతులకు. కుడి పుల్లతో రెక్కలూ ఎత్తుపల్లాలూ చూసుకోవచ్చు, తోకను కూడా దానికే కలిపాడు. మోటారు వేగం మాత్రం ఎడమచేతి పుల్లది. ఒకరోజు నేను మిషను కుడుతుంటే నా కాలి కిందికి చూసి, “గా పెడల్ పాతది ఉన్నదా?” అన్నాడు. ఉంది. కాలితో నొక్కితే వేగం పెరిగే ఆ పెడల్‌లో, బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయన చేత రిమోటులోని వేగం తిప్పే బిరడా పెట్టించి, రిమోటుకు వైరు లాగాడు. అట్లా స్టూలు మీద కూర్చుని, రిమోటు మెడకు తగిలించుకుని, కాలితో వేగం నడిపే పద్ధతి కుదిరింది. అలవాటు కోసం చిన్న థర్మకోల్ విమానం ఒకటి తెచ్చి రోజూ పొద్దున్నే ఎగరేశాడు. రెండు విరిగాయి, మూడోది మిగిలింది. రెక్కను మాత్రం నేనే గుడ్డ విప్పి, వంకర తీసి, మళ్ళీ తొడిగాను. ఈసారి బాగా వచ్చిందని అతను అనలేదు. మెలి ఉందా అని చూసి పక్కన పెట్టాడు, అదే మెచ్చుకోలు.

ఆ రోజుల్లోనే ఇదంతా నీకు విసుగనిపించడం లేదా అని వదినను అడిగాను. వంటింటి నిండా చెక్కపొడి, చీరలకు బంక వాసన. ఆమె బియ్యం చెరుగుతూ, “ఆదివారం ఇంట్ల లొల్లి వినవడ్తున్నది. గంతే చాలు” అంది.

విమానం సిద్ధమయ్యాక శనగ తీసేసిన ఒక ఖాళీ పొలానికి ముగ్గురం ట్రాలీ ఆటోలో వెళ్ళాం. దిగగానే అన్న, “ఇయ్యాల ఎవ్వరు ముట్టొద్దు” అన్నాడు. వదినా నేనూ గట్టు మీద నిలబడ్డాం. ఒక్కడే బిగించాడు. మోకాలితో అదిమి, గడ్డంతో ఆనించి, పంటితో తీగ పట్టి, కుడిచేత్తో హుక్కు నొక్కి. ఇద్దరు అరగంటలో చేసే పని, ఎండ నడినెత్తికి వస్తున్నా అవలేదు. నా చేతులు ఊరికే ఉండలేక కొంగు మెలిపెడుతున్నాయి. అంతా అయిందని అతను లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటున్నప్పుడు నాకు కనబడింది, కింది ఎడమ రెక్క వెనక తీగ హుక్కు పూర్తిగా పడలేదు.

చెబితే అతని పనిలో నా వేలు పెట్టినట్టు. చెప్పకపోతే గాలిలో రెక్క మడుచుకుంటుంది. కొద్ది క్షణాలు నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో ఈనాటికీ నాకు సరిగ్గా తెలియదు. అతను స్టూలు మీద కూర్చోబోతుంటే అన్నాను: “అన్నా, ఎడమ దిక్కు వెనక తీగ జర చూడు.”

అతను ఆ రెక్క వైపు చూడకుండా నా వైపు తిరిగాడు. “ఎన్ని చూసినవ్?”

“ఒక్కటే.”

“అటు తిరిగి నిలవడు.”

తిరిగాను. ఎదురుగా కోయని కందిచేను, అందులో ఒక కొంగ. వెనక హుక్కు పడిన చప్పుడు వినబడింది. తర్వాత ప్రతి హుక్కునూ వరసగా లాగి చూస్తున్న చప్పుడు. ఆ తర్వాత స్టూలు కిర్రుమంది, మోటారు శబ్దం మొదలై పెద్దదైంది, మట్టి మీద చక్రాలు పరిగెత్తాయి, ఉన్నట్టుండి ఆ చక్రాల చప్పుడు ఆగిపోయింది.

“ఇగ తిరుగు” అన్నాడు.

అది పైన ఉంది. అంత పెద్ద వస్తువు, రెండంతస్తుల రెక్కలతో, అంత మెల్లగా పోతుందని నేననుకోలేదు. ఎండ గుడ్డలోంచి దిగి లోపలి పక్కటెముకలన్నీ లెక్కపెట్టేటంత స్పష్టంగా కనబడ్డాయి. అన్న ముఖం చూశాను. సంతోషం లాంటిదేమీ లేదు, పనిలో ఉన్న మనిషి ముఖం అది, ఆకురాయి పట్టినప్పటి ముఖం. నాలుగు చుట్లు తిప్పి దించాడు. నేల గతుకులకు ముక్కు మీద వాలి ప్రొపెల్లర్ విరిగింది, ఇంకేమీ కాలేదు. కొంగుతో కళ్ళు మూసుకున్న వదిన, “దిగిందా?” అని అడిగింది. “దిగింది” అన్నాడు. విప్పడం కూడా ఒక్కడే విప్పాడు. ఆటోలో వస్తూ అన్న కూర్చునే నిద్రపోయాడు.

తర్వాతి ఆదివారం అన్నం తిని బయలుదేరబోతుంటే వదిన ఫోను చేసి, విమానం తీసుకుని పొద్దున్నే ఒక్కడే పొలానికి పోయిండని చెప్పింది. సంతోషమే. దానికోసమే కదా అంతా చేసింది. అయినా ఆ మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని, కుట్టడానికి బట్ట ఉండి కూడా చాలాసేపు ఏమీ చేయలేదు.

అయిదారేళ్ళు ఎగరేశాడు. ఆ పొలంలో ఇళ్ళ స్థలాలకు హద్దురాళ్ళు పాతారు, అతనికి మోకాళ్ళు పట్టేశాయి, ఉద్యోగం అయిపోయాక వదినా అతనూ రాయికోడ్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అటక మీది రెక్కలకు చెదలు పట్టిందని వదిన చెబితే తెలిసింది. నేను అడిగితే “చెక్కనే గదా” అన్నాడు.

వారానికోసారి ఫోనులో మాట్లాడుకుంటాం. తిన్నవా అంటాడు, తిన్న, నువ్వు అంటాను. మందుల పేర్లు చెప్పుకుంటాం. ఎవరం ఎవరినీ తప్పు పట్టం, మాట మీద మాట అనుకోం, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయే అవసరం ఎవరికీ రాదు. మర్యాదగల ముసలివాళ్ళమైపోయాం ఇద్దరమూ. ఆ ఏడాది నేను జీవితంలో ఎన్నడూ లేనంతగా అలసిపోయాను, అయినా శనివారం సాయంత్రమయ్యేసరికి రేపు ఆదివారమని ఒళ్ళంతా తెలిసేది. ఇప్పుడు పక్కింట్లో మాంసం వండుతున్న వాసన వస్తేగాని అది ఆదివారమని తెలియడం లేదు.