చీకటక్క, ఏడో గొట్టం

మనిషి ఎంత పాతవాడో తేల్చే ప్రయోగశాలలో ఆవిడ ఉద్యోగం మాత్రం ఏటా కొత్తదే. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మార్చిలో ఒప్పందం ముగుస్తుంది, ఏప్రిల్లో మళ్లీ పుడుతుంది. అందరూ చీకటక్క అంటారు. తండ్రికి ఫోటో స్టూడియో ఉండేది; ఎర్రబల్బు కింద ఫోటోలు కడగడం పదేళ్లకే పట్టుబడింది. సెల్‌ఫోన్లు ఆ స్టూడియోను మింగేశాక, ఎర్ర వెలుతురులో తడుముకుంటూ పనిచేయగల మనిషి కోసం వెతుకుతున్న విశ్వవిద్యాలయానికి ఈవిడ దొరికింది. పెద్ద చదువులవాళ్లు ఆ గదిలో గంట కూర్చుంటే తలనొప్పంటూ బయటపడతారు. తలనొప్పి రాకపోవడమే ఈవిడ అర్హత.

పని ఇదీ. నేలలో పూడిపోయిన ఇసుక రేణువు చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చే రేడియేషన్‌ను కొద్దికొద్దిగా దాచుకుంటుంది. ఎండ తగిలిందా, దాచుకున్నదంతా ఖాళీ. అందుకే ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికిన పొరలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, మూతలు బిగించి, చీకట్లోనే తెరుస్తారు. యంత్రంలో పెట్టి కాంతి వేస్తే రేణువులు మిణుక్కుమంటాయి. ఆ మిణుకును బట్టి అవి ఎన్నేళ్ల కిందట పూడాయో లెక్క. గొట్టం చివరల ఇసుక ఎలాగూ వెలుగు చూస్తుంది కనుక దాన్ని గీకి పక్కన పెట్టి, నడిమిదే వాడతారు. గొట్టం నిండుగా ఉంటేనే ఇదంతా.

ఈసారి వచ్చిన ఏడు గొట్టాల్లో చివరిది, అన్నిటికన్నా అడుగు పొరది, ఊపితే గలగలలాడింది. ఆరా తీస్తే, దాన్ని తవ్వకం చూడ్డానికొచ్చిన ముఖ్య అతిథి స్వహస్తాలతో కొట్టారట. నాలుగు దెబ్బలకే చెయ్యి నొప్పెట్టింది, ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, సగం నిండిన గొట్టానికి మూత పడింది. దారిపొడవునా జీపు కుదుపులకు చివరి ఇసుకా నడిమి ఇసుకా కలిసిపోయాయి. చీకటక్క రిజిస్టర్లో సిరాతో రాసింది: "గొట్టం వెలితి. కాలనిర్ణయానికి పనికిరాదు."

ప్రొఫెసరు గారు పిలిపించారు. బల్ల మీద ఒక పక్క రిజిస్టరు, ఇంకో పక్క ఆవిడ కొత్త ఒప్పందం.

"ఏంటమ్మా ఈ రాత? తవ్వకం దగ్గర రెండు లక్షల ఏళ్లని శిలాఫలకం కూడా చెక్కించేశాం."

"లెక్క తేలకుండానే చెక్కించేశారా సార్?"

"ఆవిష్కరణ తేదీ ఖరారైపోయిందమ్మా, ఏం చెయ్యమంటావ్!"

"అయినా యంత్రంలో పెట్టి చూశాను సార్. కొన్ని రేణువులు లక్షా ఎనభై వేలంటున్నాయి. కొన్ని పోయిన నెలంటున్నాయి."

"పెద్దవాళ్ల మాట విందాం. ఆ కుర్రకుంకల్ని పక్కన పెట్టు. ఈ లైను కొట్టేసి 'బాగుంది' అని రాయి. రెండు సంతకాలూ ఒకేసారి అయిపోతాయి."

"రేపు చెప్తాను సార్."

ఇంట్లో భర్త, బస్సు డ్రైవరు, విని తేల్చేశాడు. "ఒక్క గీతేగా, గీసి పారెయ్. ఉద్యోగం ఊడితే ఈ వయసులో నిన్నెవరు పిలుస్తారే?"

"నీ బస్సుకి బ్రేకు పట్టకపోతే బాగుందని రాస్తావా?"

"అందులో జనం ఉంటారే తల్లీ!"

"ఇందులోనూ జనమే. కాకపోతే పోయి చాలా కాలమైంది."

ఆయన కాసేపు చొక్కా గుండీలతో కుస్తీ పట్టి, "ఇంకో గొట్టం తియ్యడానికేం రోగం?" అన్నాడు. ఇన్ని డిగ్రీల మధ్య ఎవరికీ తట్టని ప్రశ్న.

మర్నాడు ఆవిడ అదే చెప్పింది. "కొట్టెయ్యను సార్. కావాలంటే నేనే వెళ్లి ఇంకోటి తెస్తాను."

ప్రొఫెసరు గారు ఆలోచనలో పడ్డారు. సత్యం మీద ప్రేమ పొంగి కాదు. పరిశోధన పత్రికవాళ్లు వ్యాసంతోపాటు రిజిస్టరు నకలు అడుగుతారన్న, అందులో కొట్టివేత కనబడుతుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒప్పందంలో 'ఏడాది' కొట్టేసి 'మూడు నెలలు' అని దిద్ది, సంతకం పెట్టారు. కొట్టివేత మీద ఆయనకున్న మక్కువ ఆ విధంగా తీరింది.

"లెక్క వచ్చాక మిగతాది చూద్దాం," అన్నారు.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి చీకటక్క తవ్వకం గుంటలోకి దిగింది. నెత్తి మీద నల్ల గుడ్డ, ఎదురుగా అడుగు పొర. ఫోటో తీసేవాళ్లెవరూ రాలేదు. పైనుంచి తవ్వకం మేస్త్రీ తొంగిచూశాడు.

"అక్కా, ఎన్నేళ్లు రావాలేంటి?"

"ఎన్ని వస్తే అన్ని. ముందే తెలిస్తే ఈ ఎండలో నాకెందుకయ్యా ఈ తిప్పలు? ఆ సుత్తి ఇలా అందించు."