ఫోటోలో దొరకని గేదె

భిలాయిలో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే చాలాకాలం నాన్న చెప్పిన మాటలే. నూనూగు మీసాల వయసులో విజయనగరం వైపు సముద్రపొడ్డు వదిలి, స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి ఇక్కడికొచ్చేశాడు నాన్న. ఇక్కడి ఎండలకు అన్నీ ఎండిపోయినా ఆయన కబుర్లలో తడి మాత్రం ఆరలేదు. వాటిలో అన్నిటికంటే పెద్దది గేదె కబురు.

"మా ఊరి ఒడ్డున నీళ్లల్లో ఓ నల్లరాయి ఉన్నాది. అచ్చం కూకున్న గేదే! కెరటం కొడితే ముక్కులోంచి నీళ్లు బుస్సుమని ఎగుస్తాయి" అనేవాడు.

వినేవాళ్లందరూ తలూపేవారు, పక్కింటి చాచా తప్ప. ఆయనది జాముల్ దగ్గర పల్లె. నాన్నతో ఒకే మిల్లులో చేసి, రిటైరయ్యాక భిలాయి-3లో మా పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. గోడ అవతలి నుంచి వినీ వినీ మా తెలుగు నేర్చేసుకున్నాడు, మా యాసతో సహా. గేదె మాటెత్తితే చాలు, "ముక్కులోంచి నీళ్లు సరే, పాలెప్పుడిస్తాది భయ్యా?" అనేవాడు. నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఊరంతా నమ్మినా చాచా నమ్మలేదన్న బాధ ఆయనకు పోలేదు.

అందుకే నేను కెమెరా కొన్నానని తెలియగానే, నాకంటే ఆయనే ఎక్కువ గంతులేశాడు. "పదవే, ఎల్దాం. ఫోటో తీసి ఆడి మొకాన కొడదాం" అన్నాడు. అంతవరకూ నేను తీసినవి కుమ్హారి దగ్గర ఏటి ఒడ్డూ, మా డాబా మీది పావురాలూ. ఇప్పుడు ఏకంగా సముద్రం! రైల్లో నాకు నిద్రపడితే ఒట్టు.

ఊళ్లో మా అత్త, అంటే నాన్న అక్క, ఉంది. పొద్దున్నే ఆమె ఇంట్లో సంచులు పడేసి ఒడ్డుకు పరుగెత్తాం. ప్లాంటు గోడ దగ్గర కెమెరా పైకెత్తితే, ఫోటోలు తీయకూడదని సెక్యూరిటీవాడి ఈల వినబడే ఊరు మాది. ఆ అలవాటు కొద్దీ నాన్న సముద్రం ముందు కూడా అటూ ఇటూ చూసి, "బోర్డేటీ లేదులే, తీసీ" అన్నాడు. నేను తీశాను. వలలు తీశాను, పడవలు తీశాను, పీత వెనక పడి పీత కన్నం తీశాను. ఒక కెరటం తీస్తే వెనకే ఇంకోటి అంతకంటే బాగుండేది. నాకు పిచ్చెక్కిపోయింది. తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరూ ఏమీ అనకుండానే పకపకా నవ్వాను.

గేదె మాత్రం లేదు.

నాన్న ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఎటు చూసినా నీళ్లే. ఇంతలో ఫోన్లో చాచా వాయిస్ మెసేజ్ పంపించాడు: "ఏటి భయ్యా, గేదె కట్టు తెంపుకొని పారిపోనాదా?"

నేను నవ్వబోయి నాన్న మొహం చూశాను. ఇసుకలో కూలబడ్డాడు. "చెప్పీ చెప్పీ నాకే నిజమైపోనాదేటే? అసలు లేదేమో" అన్నాడు. అంతవరకూ ఆడుతూ పాడుతూ తిరిగిన నేను ఆ మాటతో కెమెరా మూసేసి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనకు ఊరంటే ఆ రాయే. అది లేకపోతే ఇక ఆయన దగ్గర ఏముంది?

మధ్యాహ్నం చేపల పులుసు వడ్డిస్తూ అత్త సంగతి విని, గరిటె పక్కన పడేసి మరీ నవ్వింది. "ఓరి నీ బుర్ర కాలా! పొద్దున్న పోటు కదరా, ములిగిపోయుంటాది. ఇనుము కరగబెట్టీ కరగబెట్టీ నీ బుర్ర కూడా కరిగిపోనాదేట్రా? ఇప్పుడు ఆటు, పోయి సూసుకో."

ఏ షిఫ్టు, బీ షిఫ్టు అంటూ బతుకంతా గడిపిన మనిషి సముద్రం షిఫ్టు మరిచిపోయాడు! నాన్న ఎంగిలి చెయ్యి కడిగీ కడగకుండా పరుగు. వెనక కెమెరాతో నేను.

నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయి. ముందు నల్లని వీపు కనబడింది, తర్వాత మెడ, తర్వాత ముట్టె. ఒక కెరటం వచ్చి కొట్టింది. బుస్సు! ముక్కులోంచే! నాన్న కేక పెట్టాడు. పంట్లాం మోకాళ్ల పైకి లాక్కుని నీళ్లల్లోకి దిగిపోయి, "తీయే, తీయే! సూడు, ఉన్నాది, ఉన్నాది!" అని ఎగిరాడు. నేనూ ఎగురుతూనే తీశాను. నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టాయి. నా జీవితంలో అంత ఆనందం మరెన్నడూ ఎరగను.

తిరుగు రైల్లో, రాయగడ దాటాక, తీసినవన్నీ తీరిగ్గా చూడబోయాం. గేదె కోసం తీసిన వాటిలో చాలావరకు నాన్నే, రెండు చేతులూ చాపుకుని, రాయికి సరిగ్గా అడ్డంగా. ఆయన పక్కకు తప్పుకున్న వాటిలో కెమెరా అద్దం మీద ఉప్పునీటి చుక్కలు పడి అంతా అలుక్కుపోయింది. గేదె కాదు కదా, గేదె తోక కూడా లేదు. "ఎనక్కి పోదామేటే?" అన్నాడు నాన్న. హాస్యానికి కాదు.

ఇంటికొచ్చిన సాయంత్రమే చాచా కళ్లజోడు పెట్టుకుని మరీ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఉన్నవాటిలో కాస్త తేటగా వచ్చినదాన్ని స్టేషన్ నుంచి వస్తూ ప్రింటు తీయించాను; ఆ ఫోటో ఆయన చేతికిచ్చాను.

"గేదేదీ?"

"నా ఎనక" అన్నాడు నాన్న.

ఇక అరుగు దద్దరిల్లేలా నవ్వుతాడనుకున్నాను. చాచా నవ్వలేదు. ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. తడిసిన జుట్టు, ఊడిన పన్ను కనబడేలా తెరిచిన నోరు, కళ్లు రెండూ వెలిగిపోతున్న నాన్న. అన్నేళ్లు మిల్లులో హెల్మెట్ కింద రోజూ చూసిన మొహాన్ని కళ్లజోడు సర్దుకుని మరోసారి చూశాడు. తర్వాత ఫోటో నాన్న చేతిలో పెట్టాడు.

"నీ మొకం సూస్తేనే తెలుస్తంది భయ్యా. ఎనక గేదె ఉన్నాది."